పాత కంప్యూటర్లను పాఱవేయవలెనా?



మా వృత్తి వ్యవసాయ ప్రదర్శనము. ఏ విత్తనము ఏ నేలలో బాగుగ మొలచునో, ఏ నాగలి యెంత లోతు దున్నునో రైతు కన్నుల యెదుట చూపుట మా పని. అట్టి మేము కంప్యూటర్లను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నేడు రైతు తీసికొను పంట ఋణమును, కొను నెరువు బస్తాయు, అమ్ము ధాన్యపు తూకమును సంఘ కార్యాలయములోని కంప్యూటరు ద్వారముననే లెక్కకు వచ్చుచున్నవి. నాగలి విఱిగినచో ఒక్క రైతు పొలము బీడుపడును. సంఘపు లెక్క చెడినచో ఊరందఱికిని చిక్కు కలుగును. కాబట్టి యీ సంగతి మన పత్రికలో చర్చింపదగినదే యని తలచితిమి.

ఈ చర్చకు కారణమేమన, 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 10కు మామూలుగా పంపుచుండిన రక్షణ మరమ్మతులను నిలిపివైచిరి. అదనపు మరమ్మతుల పథకమొకటి పెట్టిరి గాని అదియు కొలది కాలపుదే. విండోస్ 11కు మాఱుదమన్నచో, ఆ కంపెనీవారు విధించిన నియమములకు పాత యంత్రములు సరిపడవు. సామాన్యముగ ఇంటెల్ వారి యెనిమిదవ తరము ప్రాసెసరు మొదలుకొనియే దానికి అర్హత. ఆ తరము 2017లో బజారునకు వచ్చినది. అనగా అంతకు పూర్వము కొన్న యంత్రములు దాదాపుగ అన్నియు, తెర చక్కగా వెలుగుచున్నను, మీటలు చక్కగా పలుకుచున్నను, ఒక్క సంతకముతో ముసలివైపోయినవి.

అప్పటినుండియు పెక్కు సంఘములలో ఒకే మాట వినబడుచున్నది. అమ్మకందారుడు వచ్చి, "ఇవి పనికిరావు, తూకమునకు అమ్మివేయుడు, క్రొత్తవి ఐదు కొనుడు" అనుచున్నాడు. కార్యదర్శి కొటేషను తెచ్చి బల్లమీద పెట్టుచున్నాడు. పాలకవర్గములోని రైతులు తమ కది తెలియని విద్య యని మొగమాటపడి చేవ్రాలు చేయుచున్నారు. మఱికొన్ని సంఘములవారు, "ఇన్నాళ్లు నడచినది, ఇకముందును నడచును" అని యుపేక్షించి యూరకున్నారు. ఈ రెండు త్రోవలును మంచివి కావని మా యభిప్రాయము. పాత యంత్రమును పాఱవేయనక్కఱలేదు. పాత పనిలో ఉంచనుకూడదు. దాని పని మార్చవలెను. ముసలి యెద్దును కరిగెట్టు దున్నుటకు కట్టము. అట్లని కసాయివానికిని అమ్మము. తేలిక బండికి కట్టుకొందుము. కంప్యూటరు విషయములోను మన మెఱిగిన యీ న్యాయమునే పాటింపవచ్చును.

ముందుగ, ఊరకుండుట యేల తగదో చెప్పెదము. 2017 మే నెలలో వానక్రై అను కంప్యూటరు తెగులు ప్రపంచమంతటను వ్యాపించినది. అది యంత్రములోని దస్త్రములన్నిటికిని తాళము వేసి, తాళపుచెవికి సొమ్ము అడుగు తెగులు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లలోను కొన్ని దానికి చిక్కినవి. ఆ తెగులునకు మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్టువారు విడుదల చేసియుండిరి. మందు వేసికొనని యంత్రములును, మందు రాక నిలిచిన పాత యంత్రములును దెబ్బతిన్నవి. పురుగు పట్టిన పొలములో మందు చల్లని మడి యొక్కటి యున్నను చాలును గదా, చుట్టుపట్ల మళ్లకు అదియే పుట్టినిల్లగును. రక్షణ మరమ్మతులు లేని కంప్యూటరును అంతర్జాలమునకు తగిలించి, దానిలో సభ్యుల ఆధారు సంఖ్యలును, ఖాతాల సంఖ్యలును ఉంచుట అట్టిదే.

ఇక పని మార్చుట యెట్లు? రైతులకు సుపరిచితమైన తల్లి కాలువ, పిల్ల కాలువల పోలికతో చెప్పెదము. మామూలు పద్ధతిలో కార్యాలయమందలి ప్రతి కంప్యూటరును ఒక ప్రత్యేకపు బావివంటిది. దాని నీరు దానిదే, దాని పూడిక దానిదే. మేము చెప్పు పద్ధతిలో బలమైన క్రొత్త కంప్యూటరు ఒక్కటి యుండును. దానిని సర్వరు అందురు. మనము తల్లి యంత్రమందము. లెక్కలును, దస్త్రములును, ప్రోగ్రాములును దానియందే యుండును. పాత కంప్యూటర్లను తీగలతో దానికి కలుపుదురు. గుమాస్తా పాత యంత్రము మీట నొక్కగానే ఆ నొక్కు తల్లి యంత్రమునకు పోవును. లెక్క అక్కడ జరుగును. ఫలితపు చిత్రము మాత్రము పాత యంత్రపు తెరమీద కనబడును. ఇట్లు బరువు లేక పనిచేయు యంత్రమును థిన్ క్లయంటు అందురు. మనము దానిని పిల్ల యంత్రమందము. బరువంతయు తల్లిదే కాబట్టి పిల్ల యంత్రము పదేండ్ల పాతదైనను పనికి లోటు రాదు.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. సికింద్రాబాదు స్టేషనులో రైలు రిజర్వేషను టిక్కెట్టు కొన్న పెద్దలు దీనిని కన్నులార చూచియే యున్నారు. ఆ కిటికీల వెనుక గుమాస్తాల ముందు చాల కాలము వఱకు ఉండినవి తెరయు మీటల పలకయు మాత్రమే. లెక్క చేయు యంత్రము లోపలి గదిలో వేఱుగ నుండెడిది. రైల్వేవారు కాన్సర్టు అను రిజర్వేషను పద్ధతిని 1994లో మొట్టమొదట సికింద్రాబాదులోనే ప్రారంభించిరి. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు అను నైదు కేంద్రములను దానితో ఒకటిగ కలిపిరి. ఏ కిటికీలో అడిగినను ఒకే బెర్తు ఇద్దఱికి పోకుండుటకు కారణము ఆ పద్ధతియే. పుస్తక మొక్కటి, వ్రాయు చేతులు పెక్కు. ఆ 1999లోనే అమెరికాలో జిమ్ మెక్విలన్ అను నతడు లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు అను ఉచిత సాధనమును ప్రారంభించెను. దానిని క్లుప్తముగ ఎల్‌టీఎస్‌పీ అందురు. డిస్కు లేని పాత కంప్యూటరు కూడ తీగ గుండ తల్లి యంత్రమునుండి ప్రాణము పోసికొని లేచునట్లు అది చేయును. నేటికిని దానిని బాగుచేయుచునే యున్నారు. ఎవ్వరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు.

మే మిది కాగితముమీద చదివి చెప్పుట లేదు. నేరేడు చెట్టు పేరు మోయుచు నేడు కాలనీలతో నిండియున్న మా నేరేడ్‌మెట్‌లో విత్తనములును, పశువుల దాణాయు అమ్ము చిన్న వర్తకశాల యొకటి కలదు. యజమాని రైతుబిడ్డ. ఆయనవద్ద నాలుగు పాత కంప్యూటర్లుండినవి. బిల్లు వేయుటకు ఒక్కొక్కటి తెఱచుకొనుటకే పావుగంట పట్టెడిది. ఆయన వాటిని అమ్మక, 16 జీబీ మెమరీ గల క్రొత్త యంత్రమొకటి కొని తల్లిగా పెట్టి, నాలుగింటి హార్డుడిస్కులను ఊడదీయించి పిల్ల యంత్రములుగ మార్చుకొనెను. తీగలును, స్విచ్చియు సికింద్రాబాదు పార్కు లేనులోని కంప్యూటరు బజారున తెచ్చుకొనెను.

మొదటి వారము పని నడువలేదు. తెరలు నత్తనడక నడచినవి. పాత స్విచ్చి సెకనుకు 100 మెగాబిట్లది. నలుగురు ఒకమాఱు కూర్చుండునప్పటికి అది చాలలేదు. పిల్ల కాలువలు బాగుగనున్నను తూము ఇఱుకైనచో నీరెట్లు పాఱును? గిగాబిట్ స్విచ్చి వేయగానే చిక్కు తీఱినది. మఱియొక నాడు దాణా బస్తాల నడుమ ఎలుక తీగను కొఱికినది. ఆనాడు రెండు యంత్రములు నిలిచినవి. తరువాత తీగలను గొట్టములో వేయించెను. ఈ చిన్న చిక్కులు తప్ప, మేము చూచిన నాటికి నాలుగు బల్లలమీదను పని సాఫీగ జరుగుచుండెను. ఒక బల్లవద్ద మొదలుపెట్టిన బిల్లును మఱియొక బల్లవద్ద ముగించుట మేము స్వయముగ చూచితిమి.

అంగడికి ఇది సౌకర్యము. సంఘమునకు ఇది న్యాయ విషయము. మే మెఱిగిన యొక సంఘములో మూడు కంప్యూటర్లుండినవి. ఒకదానితో నొకటి కలుపబడలేదు. రైతొకడు గడువునకు వారము దినముల ముందే బాకీ కట్టి రశీదు పుచ్చుకొనెను. ఆ వసూలు రెండవ కంప్యూటరులో వ్రాయబడినది. బాకీదారుల జాబితాను మొదటి కంప్యూటరునుండి తీసిరి. అందులో అతని పేరున్నది. రశీదు భద్రముగ నుండుటచే కడకు తప్పు సవరింపబడినది. కాని అప్పటికి విత్తుకాలము దాటిపోయినది. ఈలోపల అతడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు చేసి విత్తనములు కొనెను. గడువులో చెల్లించిన రైతునకు పంట ఋణముమీద కేంద్ర ప్రభుత్వము 3 శాతము వడ్డీ ప్రోత్సాహ మిచ్చుచున్నది. లక్ష రూపాయల ఋణముమీద సంవత్సరమునకు అది 3,000 రూపాయలు. గడువు దాటినట్లు లెక్కలో పడినచో అదియు పోవును. ఆ గుమాస్తా దొంగ కాడు, సోమరియు కాడు. మూడు పుస్తకములలో ఒకే లెక్క వ్రాయు నేర్పాటే తప్పు. తల్లి యంత్రములో పుస్తక మొక్కటియే యుండును. ఏ కిటికీలో కట్టినను అందులోనే పడును. ఆదా యగు సొమ్ముకంటె ఈ మేలే గొప్పదని మా నమ్మకము.

ఇంతవఱకు గుణములు చెప్పితిమి. దోషములను దాచుట ప్రదర్శకుని ధర్మము కాదు. ఈ పద్ధతిలో జాగ్రత్తపడవలసిన తావులు ఐదు కలవు.

మొదటిది, యంత్రపు వయస్సు. పాతదన్నది యేదైనను పనికివచ్చు ననుకొనరాదు. పెంటియం 4 నాటి యంత్రములును, లావుపాటి గాజు తెరలును కరెంటును మిక్కిలిగ త్రాగును. నేటి చిన్న యంత్రముకంటె అట్టిది 100 వాట్లు అధికముగ తిన్నదనుకొందము. దినమునకు 8 గంటల చొప్పున, సంవత్సరమునకు 300 దినములు నడపినచో 240 యూనిట్లగును. యూనిటు 10 రూపాయలని వేసికొన్నను 2,400 రూపాయలు. మూడు నాలుగేండ్లలో ఆ సొమ్ముతో మంచి పిల్ల యంత్రమే కొనవచ్చును. కాబట్టి 2010 తరువాతివి, కనీసము 2 జీబీ మెమరీ గలవి ఉంచుకొనుడు. అంతకంటె పాతవానిని విడిచిపెట్టుడు. 4 జీబీయో, అంతకు మించియో మెమరీ గలది యైనచో, దస్త్రములను తల్లియొద్ద నుంచి పనిని తానే చేసికొనునట్లును అమర్చవచ్చును; అప్పుడు తల్లికి బరువు తగ్గును.

రెండవది, అనుమతి పత్రముల సంగతి. మామూలు విండోసును ఒకటి కొని, దానిమీద ఐదుగురు ఒకేమాఱు కూర్చుండి పనిచేయుట చట్టమునకు విరుద్ధము. విండోసు మీదనే పని జరుగవలెనన్నచో సర్వరు విండోసును, మనిషికో యంత్రమునకో ఒక్కొక్క అనుమతిని కొనవలెను. అప్పుడు ఆదా చాలవఱకు కరగిపోవును. ట్యాలీ వాడువారు తమది ఒక్కరికి మాత్రమే చెల్లు సిల్వరో, పలువురికి చెల్లు గోల్డో చూచుకొనవలెను. లినక్సునకు ఈ రుసుములు లేవు. కేరళ రాష్ట్ర పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి దానిమీదనే చదువుకొనుచున్నారు. సంఘపు పని అంతయు బ్రౌజరులోనే జరుగునదైనచో లినక్సుతో చిక్కులేదు. ప్రత్యేకపు విండోసు ప్రోగ్రాము కావలసినచో, ఒక్క యంత్రమును దానికొఱకు విడిగ నుంచుకొనుటయే మేలు.

మూడవది, కిటికీవద్ద నుండు చిల్లర పరికరములు. వ్రేలిముద్ర యంత్రము, పాసుపుస్తకము అచ్చువేయు ప్రింటరు, తూకపు యంత్రము, ఇవి అన్నియు లినక్సుతో కలియునని చెప్పలేము. కలిసినను పిల్ల యంత్రము గుండ తల్లిని చేరునో లేదో చూడవలెను. అటులే మన సంఘములలో నోటీసులను, తీర్మానములను పెక్కేండ్లుగా అను ఫాంట్లతో టైపు చేయించుచున్నారు. అవి యూనికోడు పద్ధతివి కావు. వేఱు యంత్రములో తెఱచినచో తెలుగునకు బదులు పిచ్చి గీతలు కనబడును. వాటిని ముందుగ యూనికోడునకు మార్పించుకొనవలెను. లేదా పీడీఎఫ్‌గా నైనను దాచవలెను.

నాల్గవది, పెద్ద ప్రమాదము. ఊరంతయు ఒక్క బావిమీద నాధారపడినచో, ఆ బావి యెండిననాడు ఊరంతయు దప్పిగొనును. తల్లి యంత్రము చెడిననాడు అన్ని కిటికీలును మూతపడును. దీనికి విఱుగుడు మూడు విధములు. తల్లికి మంచి యూపీఎస్ ఉండవలెను. పాతవానిలో బలమైన యంత్రమొకటి మాఱు తల్లిగా సిద్ధముగ నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, లెక్కల నకళ్లు మూడు ఉండవలెను: యంత్రములో నొకటి, విడి డిస్కులో నొకటి, కార్యాలయము వెలుపల భద్రమైన చోట తాళపు సంకేతముతో నొకటి. నకలు తీయుట చాలదు. నెలకొకమాఱు దానిని తెఱచి, లెక్క సరిగా లేచుచున్నదో లేదో చూడవలెను. గాదెలో పోసిన విత్తనమును మొలక పరీక్ష చేయక నాటుదుమా?

ఐదవది, ప్రభుత్వ పథకపు యంత్రములు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అది నాబార్డు ద్వారమున నడచుచున్నది. అట్టి పథకముక్రింద వచ్చిన యంత్రములను గాని, బ్యాంకువారు అమర్చిన ప్రోగ్రామును గాని వారి వ్రాతపూర్వకపు అనుమతి లేక మార్చకూడదు. మేము చెప్పు మార్పు సంఘము తన సొంత సొమ్ముతో కొన్న యంత్రములకును, ఎరువుల డిపో, గోదాము, అంగడి మొదలగు సొంత వ్యాపారములకును చెందినది.

ఇప్పుడు సొమ్ము లెక్క చూతము. ధరలు నెలనెలకు మాఱుచుండును గనుక ఇది లెక్క వేయు తీరు చూపుటకే. క్రొత్త కంప్యూటరు 40,000 రూపాయలని వేసికొన్నచో ఐదింటికి 2,00,000. మా పద్ధతిలో తల్లి యంత్రమునకు 60,000, స్విచ్చికిని తీగలకును 8,000, యూపీఎస్‌కు 8,000, విడి డిస్కులు రెంటికి 10,000, అమర్చు పనివానికి 10,000. వెరసి 96,000. తేడా 1,04,000 రూపాయలు. ఈ తేడాను లాభమని పంచుకొనకూడదు. అందులో కొంత యంత్రముల కాపుదలకు నిలువ ఉంచవలెను. కొంత మనుష్యులకు పని నేర్పుటకు వ్యయపెట్టవలెను. ఈ కడపటి మాటను గట్టిగ చెప్పుటకు మా కొక కారణము కలదు.

2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 పాఠశాలలలో కంప్యూటరు విద్యను పెట్టెను. విద్యార్థికొక కంప్యూటరు కొనుట సాధ్యము కాదు గనుక, ఎన్‌కంప్యూటింగ్ అను కంపెనీవారి చిన్న పెట్టెలద్వారా ఒక్క కంప్యూటరును పలువురు పిల్లలు పంచుకొనునట్లు చేసిరి. తెరలును, మీటలును ఎన్నియో; లెక్క చేయునది ఒక్కటి. పద్ధతి మంచిదే. మన పల్లె పిల్లలు పెక్కుమంది కంప్యూటరును మొదట తాకినది ఆ గదులలోనే. కాని ఒప్పంద కాలము ముగిసిన పిదప నేర్పువారు లేక చాల పాఠశాలలలో ఆ గదులకు తాళములు పడినవి. యంత్రము చెడి మూతపడలేదు. దానిని చూచుకొను మనిషి లేక మూతపడినది. సంఘములోను ఇదియే జరుగవచ్చును. పార్కు లేనునుండి వచ్చిన కుఱ్ఱవాడు ఒకనాడు అమర్చిపోవును. మఱునాడు ఏదేని ఆగినచో గుమాస్తా చేతులు ముడుచుకొని కూర్చుండును. కావున గుమాస్తాయే కాక సభ్యుల పిల్లలలో చదువుకొన్న వారినొకరిని, ఆడపిల్లయైనను సరే, ఈ పని నేర్చుకొనునట్లు చేయవలెను. సంకేత పదములు ఒక్కరి నాలుకమీద మాత్రమే యుండకూడదు. ముద్ర వేసిన కవరులో అధ్యక్షుని యినుప పెట్టెలో నుండవలెను. తాళపుచెవి ఒక్కని మొలనున్న సంఘము ఆ ఒక్కనిదే యగును గాని సభ్యులది కాదు.

తుదకు, విడిచిపెట్టు యంత్రముల సంగతి. వాటిని పాత ఇనుప సామానువానికి అమ్ముటకు ముందు హార్డుడిస్కులను తప్పక తీయించుడు. దస్త్రములను చెఱిపినంత మాత్రమున అవి పోవు. నేర్పరి తిరిగి తీయగలడు. పూర్తిగ తుడుచు ప్రోగ్రాముతో తుడిపించుడు, లేదా డిస్కును పగులగొట్టించుడు. అందులో నున్నవి సభ్యుల సంతకములు, ఆధారు సంఖ్యలు, పట్టాదారు పుస్తకముల నకళ్లు. పిల్ల యంత్రములో డిస్కే యుండదు గనుక, దొంగ ఎత్తుకొనిపోయినను తెరయు డబ్బాయు తప్ప అతనికి దొరకునది లేదు. 2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల విద్యుత్ పరికరముల చెత్త పోగైనదనియు, అందులో సక్రమముగ సేకరింపబడి శుద్ధికి పోయినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే యనియు ఐక్యరాజ్య సమితివారి 2024 నివేదిక చెప్పుచున్నది. తక్కిన దానిలో చాల భాగము గుంటలలోను, మంటలలోను పడుచున్నది. తీగలను కాల్చి రాగి తీయు చోట సీసము మొదలగు విషములు బూడిదలో మిగులును. ఆ బూడిద వాననీటితో చెఱువు చేరును. చెఱువు మన మడికే వచ్చును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము ఇట్టి చెత్త శుద్ధిదారులు రిజిస్టరై యుండవలెను; అట్టివారికే దానిని ఇయ్యుడు. యంత్రమును మఱి నాలుగేండ్లు పనిలో నుంచుట ఈ విషమును నాలుగేండ్లు వాయిదా వేయుటయే.

ఇంతయు చదివి, రేపే అన్నిటిని మార్పించుడని మేము చెప్పుట లేదు. క్రొత్త విత్తనమును పదెకరములలో ఒకేమాఱు చల్లుమని మే మెన్నడు చెప్పలేదు. పది సెంట్ల ప్రదర్శన మడిలో చూచి, పిమ్మట చల్లుమని చెప్పుదుము. ఇక్కడను అట్లే చేయుడు. మొదట సంఘములోని యంత్రముల పట్టిక వ్రాయుడు: ఏ సంవత్సరపుది, మెమరీ యెంత, ఏ పనికి వాడుచున్నారు, ఏ పరికరములు తగిలియున్నవి. తరువాత ఒక్క పాత యంత్రమును, ఉన్నవానిలో బలమైన దానిని తల్లిగా పెట్టి, ఎరువుల డిపో బిల్లులవంటి ఒక్క పనిని రెండు వారములు దానిమీద నడిపించుడు. పాత పుస్తకమును ఆ రెండు వారములు మానక వ్రాయుడు. రెండు లెక్కలును ప్రతి సాయంకాలము సరిచూడుడు. జూన్ నెలలో ఋణముల రద్దీయందు గాని, ధాన్యము కొనుగోలు దినములలో గాని ఈ పరీక్షకు దిగవలదు. పని తక్కువగనున్న వేసవి మొదటి దినములు దానికి తగినవి. లెక్క కుదిరినచో తల్లి యంత్రము కొనుటకు సర్వసభ్య సభలో తీర్మానము పెట్టుడు. కుదరనిచో నష్టపోయినది రెండు వారముల శ్రమ మాత్రమే.

సభ్యులకు ఒక్క మనవి. ఈసారి సభలో కంప్యూటర్ల కొటేషను చదువునపుడు తెలియని విద్య యని తల దించుకొనకుడు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచెదరు, నడక చూచెదరు, అమ్మువాని మొగము చూచెదరు. అదే విధముగ అడుగుడు: పాతవి ఏల పనికిరావు? ఏ పనికి పనికిరావు? తేలిక పనికైనను పనికిరావా? లెక్క నకలు ఎక్కడ నున్నది? గుమాస్తా లేనినాడు ఎవరు తెఱతురు? ఈ ప్రశ్నలకు ఇంగ్లీషు రానక్కఱలేదు. సంఘపు సొమ్ము మనది, లెక్క మనది, అడుగు హక్కును మనదే. సరియైన సమాధానము వచ్చిన పిదప క్రొత్తవి కొనవలసియే వచ్చినచో, నిర్భయముగ కొనుడు. అడుగక కొన్న యంత్రము మాత్రము ఎంత క్రొత్తదైనను సంఘమునకు మేలు చేయదు.

— వ్యవసాయ ప్రదర్శకుడు, నేరేడ్‌మెట్